ఒసాకాలో వినబడ్డ అక్క కూత

శ్మశానం గోడ పక్కన ప్లాట్లు వేసి అమ్మినవాణ్ణి నేను. దయ్యాల మీద నమ్మకమే ఉంటే ఆ వెంచర్ జోలికి వెళ్లేవాణ్ణి కాదు. అక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లు నిక్షేపంగా ఉన్నారు, పిల్లల పెళ్లిళ్లకు నన్ను పిలుస్తున్నారు కూడా. వాస్తు సైతం కొనేవాళ్ల కోసం చెప్పడమే గానీ నా ఇంటికి నేను చూసుకున్నది లేదు. ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, కింద రాసింది చదివి నన్ను తాయెత్తులు కట్టుకుని తిరిగే బాపతు అనుకుంటారేమోనని.

ఇది రెండు వేల ఆరు, ఏడు ప్రాంతంలో జరిగింది. ఖమ్మంలో టీ కొట్టు దగ్గర నిలబడినా గజం ఎంత అనే మాటే వినబడే రోజులవి. నేనూ, మా అక్క భర్తా కలిసి వ్యాపారం చేసేవాళ్లం. బావది ముదిగొండ. మిర్చి చేలల్లో పెరిగిన మనిషి, అడవి మొహం చూసి ఎరగడు.

అక్కా నేనూ మాత్రం అడవి పక్కనే పెరిగాం. మాది దుమ్ముగూడెం అవతల చిన్న ఊరు. ఎండాకాలం వచ్చిందంటే పిల్లాజెల్లా అందరం బీడీలు చుట్టే తునికాకు కోతకు పోయేవాళ్లం. మమ్మల్ని తీసుకుపోయేది కోయగూడెం నుంచి వచ్చే జోగమ్మవ్వ. ఆకు మీద ధ్యాసలో పడితే ఎవరు ఎటు పోయారో తెలిసేది కాదు కాబట్టి, ఒకరినొకరు కూత పెట్టి పిలుచుకునేవాళ్లం. పేరు పెట్టి పిలవకూడదు. ఎవరి కూత వాళ్లది. మా అక్క కూత సన్నగా మొదలై, పైకి లేచి, చివర్లో టక్కున రెండు ముక్కలయ్యేది. అట్లాంటిది ఇంకెవరికీ రాదు.

ఆ కూతలకు జోగమ్మవ్వ పెట్టిన పద్ధతి ఒకటుంది. మొదటిసారి వినబడితే పలకకూడదు. రెండోసారికీ పలకకూడదు. ఆ రెండూ ఎవరు పిలిచారో మనకు తెలియదట. మూడోసారి పిలిస్తే మాత్రం గట్టిగా పలకాలి. అలాగే పిలిచేవాళ్లు కూడా ఒకసారి మొదలుపెట్టాక మూడూ పూర్తి చేయాలి. మధ్యలో ఆపితే పిలుపందుకున్న మనిషి దారి మధ్యలోనే నిలబడిపోతాడని అనేది. నేను పెద్దయ్యాక ఇవన్నీ మర్చిపోయాను. అక్క మర్చిపోలేదు.

పెళ్లయి ఖమ్మం వచ్చాక కూడా అక్క ఆ కూత మానలేదు. బావకు వీధి చివర అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పే జబ్బు ఉంది. టిఫిన్ అయినా, అన్నం అయినా, అక్క డాబా ఎక్కి కూత పెట్టాల్సిందే. వీధిలో వాళ్లందరికీ అదో వినోదం. బావ మొదటి కూతకు "వస్త తియ్" అనేవాడు. రెండోదానికీ అదే మాట. మూడోదానికి గానీ లేచేవాడు కాదు. అడవి పద్ధతి తెలిసి కాదు, ఒట్టి బద్ధకం.

బావకు షుగర్ కూడా ఉంది. పొద్దున ఇన్సులిన్ తీసుకుంటే వేళకు తినాల్సిందే. అంతకుముందు ఏడాది వెంచర్‌లో రాళ్లు పాతిస్తూ తిండి మర్చిపోయి కుప్పకూలాడు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని దవాఖానాలో చెప్పారు. అప్పటి నుంచి అక్కకు భయం.

అట్లాంటి సమయంలో మా బిల్డర్లు కొందరు కలిసి జపాన్ స్టడీ టూర్ పెట్టారు. అక్కడ నగరాలు ఎట్లా కడుతున్నారో చూసి రావడానికి. బావ ఎగిరి గంతేశాడు. బయల్దేరేరోజు అక్క ఒక చిన్న సంచి నా భుజానికి తగిలించింది. అందులో బిస్కెట్లు, గ్లూకోజ్ పొడి ఉన్నాయి.

"ఇది ఆయన చేతికియ్యకు తమ్మీ, యాడనో పెట్టి మర్చిపోతడు. నువ్వే మొయ్యి. మీ బావను నీకప్పజెప్తున్న" అంది.

"ఎత్తుకొని తిరుగుతా తియ్ అక్కా" అని నవ్వాను.

నిజం చెప్పాలంటే ఆ టూర్‌లో నవ్వినంత నేను ఎప్పుడూ నవ్వలేదు. టోక్యోలో రైల్వే స్టేషన్ మీద బజారు, బజారు మీద ఆఫీసులు, వాటి మీద ఇళ్లు, ఇళ్ల మీద తోట. బీరువాలో చీరలు సర్దినట్టు కార్లను అరల్లో సర్దుతున్నారు. కోబేలో సముద్రాన్ని పూడ్చి దీవి కట్టి, దాని మీద అపార్ట్‌మెంట్లు వేశారు. బావ ఆ దీవి మీద నిలబడి, "సముద్రం దగ్గర కొన్నరా ఏంది? మరి లింకు డాక్యుమెంట్ ఎవరిది?" అని అడిగాడు. లింకు డాక్యుమెంట్ అంటే పాత యజమాని పత్రమని మా గైడ్ యూకో గారికి ఇంగ్లీషులో వివరించేసరికి నా తాతలు దిగొచ్చారు. ఆవిడకు అర్థమయ్యాక పొట్ట పట్టుకుని నవ్వింది. ఆవిడకు మా ఆవకాయ కూడా అలవాటు చేశాం. మొదటి ముద్దకు కళ్లలో నీళ్లు పెట్టుకుంది, మర్నాడు తనే డబ్బా తెచ్చుకుని అడిగింది.

బావను పూర్తిగా పడేసింది మాత్రం హద్దు గుర్తులు. అక్కడ స్థలం మూలన బొటనవేలంత రేకు ముక్క నేలలో దిగ్గొట్టి, దాని మీద ఎర్రటి బాణం వేస్తారు. అంతే హద్దు. మన దగ్గర మోకాలెత్తు రాయి పాతినా తెల్లారేసరికి గజం జరుగుతుంది.

"ఇంత రేకు ముక్కను ఎవ్వడూ జరపడంట బామ్మర్ది" అంటూ వంగి దానికి దండం పెట్టాడు. ఇక అప్పటి నుంచి ఆయన ఆకాశహర్మ్యాలు చూస్తే ఒట్టు. తల దించుకుని, ఒక బాణం నుంచి ఇంకో బాణానికి నడుస్తూ పోయేవాడు.

ఒసాకాలో తప్పిపోయింది కూడా అట్లాగే. ఆ రోజు నేల కింద కట్టిన బజార్లు చూడ్డానికి వెళ్లాం. స్టేషన్ కింద ఇంకో ఊరే ఉంది. సందులు, మెట్లు, మళ్లీ సందులు, ఎటు చూసినా ఒకేలాంటి దుకాణాలు. భోజనానికి హోటల్ ముందు ఆగి చూస్తే బావ లేడు. ఎవరో అన్నారు, పైన బిల్డింగ్ మూలన వంగి ఏదో చూస్తూ కనబడ్డాడని. మేం ఒక మెట్ల దారిన దిగితే, ఆయన ఇంకో దారిన దిగి ఉంటాడు.

నాకు మొదట నవ్వే వచ్చింది. తర్వాత భుజం మీద సంచి గుర్తొచ్చింది. పొద్దున ఇన్సులిన్ తీసుకున్నాడు. చేపల వాసన పడక టిఫిన్ సరిగా తినలేదు. బిస్కెట్లేమో నా దగ్గర.

మన సెల్‌ఫోన్లు అప్పట్లో ఆ దేశంలో పనిచేయలేదు. యూకో గారు స్టేషన్ వాళ్లకు చెప్పింది, మైకులో చెప్పించింది కూడా. కానీ జపాన్ వాళ్ల నోట్లో బావ పేరు ఏమైందో ఆ దేవుడికే తెలియాలి. నాకైతే అర్థం కాలేదు. మిగతావాళ్లు తలో దిక్కూ పోయారు. నేనూ యూకో గారూ ఐదారు సందులు కలిసే చోట నిలబడ్డాం. ఎటు పోవాలో తెలియలేదు. అక్కకు ఏం మొహం చూపించాలి అన్న ఒక్క మాటే బుర్రలో తిరుగుతోంది.

అప్పుడు వినబడింది.

సన్నగా మొదలై, పైకి లేచి, చివర్లో రెండు ముక్కలైన కూత. ఎడమ చేతి సందులోంచి వచ్చింది. అంత రద్దీలో కూడా స్పష్టంగా వినబడింది. నేను కదల్లేదు. ఎందుకు కదల్లేదంటే ఏం చెప్పను, మొదటి కూతకు పలకకూడదని ఒంటికే గుర్తున్నట్టుంది.

రెండోసారి వినబడింది. యూకో గారు కూడా అటు తల తిప్పి, "ఇది ఏ పక్షి?" అని అడిగింది. ఈ మాట నేను కల్పించి రాయడం లేదు. ఆవిడకూ వినబడింది.

మూడోసారి వినబడగానే గొంతు చించుకుని పలికాను. చిన్నప్పుడు తునికాకు కోతలో పలికినట్టే, "కూ..." అని. సూట్లు వేసుకున్న పెద్దమనుషులంతా ఆగిపోయి చూశారు. ఆ సందులోకి పరుగెత్తాను. సందు చివర మెట్లున్నాయి. ఆ మెట్లకు వేసిన కడ్డీ పట్టుకుని, చొక్కా అంతా చెమటతో తడిసిపోయి, తూలుకుంటూ మా బావ పైకి వస్తున్నాడు.

అక్కడే కూర్చోబెట్టి గ్లూకోజ్ తాగించాను. బిస్కెట్లు ఒక్కోటీ నోట్లో పెట్టాను. యూకో గారు రుమాలుతో విసురుతోంది. కాసేపటికి మొహంలోకి కళ వచ్చింది. కళ్లు పూర్తిగా తెరిచి ఆయన అడిగిన మొదటి మాట, "మీ అక్క ఏదిరా?"

"అక్క యాడుంటది బావా, ఖమ్మంలో ఉంది."

"మరి ఇప్పుడే గదా నన్ను అన్నానికి పిలిచింది."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన మెల్లగా చెప్పాడు. మూసేసిన దుకాణం ముందు కూర్చుండిపోయాడట. కళ్లు మూతలు పడుతున్నాయి, లేచే ఓపిక లేదు. అక్క కూత వినబడింది. ఇంట్లో లాగే "వస్త తియ్" అనుకున్నాడు. రెండోసారీ అట్లాగే. మూడోదానికి మాత్రం అలవాటు కొద్దీ తనంతట తనే లేచాడు. ఆ వెంటనే పైనుంచి నా గొంతు వినబడితే అటు నడిచాడు.

బావను హోటల్ గదిలో పడుకోబెట్టాక, సాయంత్రం యూకో గారిని తీసుకుని మళ్లీ ఆ చోటికి వెళ్లాను. మనసు ఊరుకోలేదు మరి. కంటిచూపు లేనివాళ్లకు మెట్లు తెలియాలని అక్కడి స్టేషన్లలో పక్షుల కూతలు రికార్డు చేసి వినిపిస్తారట. అదే అయ్యుంటుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిలబడి విన్నాం. అది కిచకిచమని చిన్న పిట్ట చప్పుడు, ఆగకుండా వస్తూనే ఉంది. మేం విన్నది అది కాదని నాకంటే ముందు యూకో గారే అడ్డంగా తలూపింది.

అక్కకు ఏమీ చెప్పకూడదని బావా నేనూ అనుకున్నాం. ఊరికే క్షేమం చెప్పినట్టు ఉంటుందని ఫోన్ కార్డు పెట్టి ఇంటికి చేశాను. హలో అని కూడా అనలేదు అక్క.

"తమ్మీ, ఇయ్యాల పొద్దుగాల నువ్వు కూత పెట్టినవా ఏంది?"

ఏమైందక్కా అన్నాను.

పొద్దున ఇడ్లీలు దించి, అలవాటు కొద్దీ డాబా ఎక్కి బావకు కూత పెట్టిందట. పెట్టాక నాలుక కరుచుకుంది, ఆయన జపాన్‌లో ఉన్నాడు గదా అని. కిందింట్లో కిరాయికున్న ఆవిడ ఒకటే నవ్వు.

"మరి ఆపెయ్యకపోయినవా?" అన్నాను.

"మొదలువెట్టినంక ఎట్ల ఆపుతరు? జోగమ్మవ్వ ఏం చెప్పింది? నవ్వితే నవ్వనీ అని మూడూ పెట్టిన. మూడోదానికి నువ్వు పలికినవ్ రా. నీ గొంతే. నీళ్ల ట్యాంకు దిక్కు నుంచి వినవడ్డది. ఇంటికి వచ్చినవేమోనని కిందికి ఉరికిన. కిందింటావిడ కూడా ఇన్నది. మీ తమ్ముడు జల్దీ వచ్చిండేంది అని అడుగుతాంది."

మనకూ వాళ్లకూ వేళల్లో తేడా ఉంది. ఇక్కడ టిఫిన్ల వేళ అంటే అక్కడ మధ్యాహ్న భోజనం వేళ. అది లెక్క వేసుకుని, ఇక దాచలేక జరిగిందంతా చెప్పేశాను. అక్క ముక్కు ఎగబీల్చి, "అన్నం తిన్నడా?" అంది. బావ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "తిన్ననే, తిన్న" అంటూ చిన్నపిల్లాడిలా ఏడుస్తూ నవ్వాడు.

ఇన్నేళ్లయింది. ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. అక్క కూత ఒసాకాలో మాకు ఎట్లా వినబడిందో తెలియదు. ఒకవేళ నేనూ బావా కంగారులో భ్రమపడ్డామే అనుకున్నా, యూకో గారు ఎందుకు భ్రమపడాలి? నా గొంతు ఖమ్మంలో నీళ్ల ట్యాంకు దాకా ఎట్లా పోయింది? దయ్యాలను ఇప్పటికీ నమ్మను.

మా ఇల్లు ఇప్పుడు అక్క ఇంటికి రెండు వీధుల అవతల. టిఫిన్ల వేళకు అక్క ఇంకా డాబా ఎక్కుతుంది. బావ మొదటి కూతకే కబుర్లు ఆపి, చెప్పులు వేసుకుని సిద్ధంగా కూర్చుంటాడు. అయినా మూడోది వినబడేదాకా అరుగు మీంచి లేవడు. ఆ మూడోది వినబడగానే, నేను ఏ పనిలో ఉన్నా సరే, మా గుమ్మంలోకి వచ్చి గట్టిగా పలుకుతాను.