రంగు రాని కంట్రోల్ స్లైడ్

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. అయినా భయమేస్తోంది.

విశాఖలో ఒక పరిశోధన ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. అప్పట్లో కాంట్రాక్టు ఉద్యోగం. మా దగ్గర నూర్జహాన్ అనే అమ్మాయి పీహెచ్‌డీ చేసేది. వన్‌టౌన్‌లో వాళ్ల నాన్నకి బట్టల కొట్టు. కిడ్నీ పాడవకముందే అందులో ఒక ప్రోటీన్ పెరుగుతుందని ఆమె నమ్మకం. ఆ ప్రోటీన్‌ని వెతికి పట్టుకునే యాంటీబాడీ చిన్న సీసాలో వస్తుంది. కిడ్నీ ముక్క మీద వేస్తే, ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. ఆ సీసా ఫ్రీజర్‌లోనే ఉండాలి, వెచ్చబడితే పాడైపోతుంది.

ఆ ఏడు ఆయుధపూజకి మిషన్లు కడిగి బొట్లు పెట్టే పని నాది. స్టీల్ ప్లాంటులో మా నాన్న తన క్రేన్‌కి ఎంత శ్రద్ధగా చేసేవాడో నేనూ అలాగే చేశాను. ఫ్రీజర్ ఆపి, మంచు కరిగించి, తుడిచి, పసుపు రాసి, బంతిపూల దండ వేశాను. తీసినవన్నీ మళ్లీ సర్దాననుకున్నాను. సెలవులయ్యాక వాడిన పూలు ఎత్తుతుంటే కిటికీ పక్కన, ఎండలో, ఆ సీసా. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. తీసుకెళ్లి ఫ్రీజర్‌లో పెట్టేశాను.

అప్పుడే చెప్పుంటే ఏమయ్యేది? చీవాట్లు పడేవి, మహా అయితే ఉద్యోగం పోయేది. దానికే అంత భయపడ్డానా? అవును, భయపడ్డాను.

ఆ వారమే నూర్జహాన్ ఇచ్చిన ముక్కలకి ఆ సీసాలోని యాంటీబాడీ నేనే వేశాను. దేనికీ రంగు రాలేదు. పక్కన కంట్రోల్ స్లైడ్ పెడతాం, అంటే ఆ ప్రోటీన్ ఉందని ముందే తెలిసిన ముక్క. దానికీ రంగు రాకపోతే యాంటీబాడీ చచ్చిపోయినట్టు. దానికీ రాలేదు. అంతకుముందెప్పుడో రంగొచ్చిన కంట్రోల్ స్లైడ్ ఒకటి తీసి, పాత లేబుల్ పీకి కొత్తది అంటించి, ట్రేలో పెట్టాను.

"అన్నా, కంట్రోల్‌కి రంగొచ్చిందేటి?" అని అడిగింది నూర్జహాన్.

"వచ్చిందమ్మా. సూడు."

మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది. "అయితే నాను అనుకున్నదే తప్పన్నమాట. నువ్వేటి సేత్తావులే అన్నా, బాధపడకు."

నన్ను ఓదార్చింది. ఇంకో రెండుసార్లు చేయించింది. రెండుసార్లూ అదే పాత స్లైడు, లేబుల్ మీద లేబుల్. గైడుగారు ఇక వదిలెయ్యమన్నారు. ఆమె చదువే వదిలేసింది. ఇప్పుడు నాన్న కొట్లో చీరలు మడతపెడుతుంది. ఆ వీధిలోకి నేను వెళ్లను. నా ఉద్యోగం మాత్రం పర్మనెంటయింది.

ఈ వారం కొత్తగా చేరిన స్కాలర్ ఒకమ్మాయి నూర్జహాన్ దాచిన ముక్కలు బయటికి తీసి, కొత్త సీసాతో చేసింది. నిన్న స్లైడ్లు చూశాను. ముదురు గోధుమరంగు. నూర్జహాన్ అనుకున్నది నిజం. "అప్పుడు ఎవరు చేశారో రిజిస్టర్ చూడాలి" అంటోందామె. రిజిస్టర్‌లో ఉన్నది నా సంతకం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నిన్నటి నుంచి ఎవరు పిలిచినా ఉలిక్కిపడుతున్నాను. ఈ భయమైనా నూర్జహాన్ కోసమా? కాదు. ఇప్పటికీ నా కోసమే. అదే నాకు సిగ్గుగా ఉంది.

మూడు లేబుళ్ల స్లైడు నా సొరుగులోనే ఉంది. పారెయ్యలేకపోయాను. వన్‌టౌన్‌కి వెళ్లే ధైర్యం వస్తుందో రాదో చెప్పలేను. ఆరోజు నూర్జహాన్ అడిగినదానికి జవాబు మాత్రం ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను.

రాలేదమ్మా. కంట్రోల్‌కి రంగు రాలేదు.