కిటికీ వెలుతురులో నాయిన విస్తరి: జహీరాబాద్ ప్రయాణం

స్వరూప, నేను ఒకే ఆఫీసులో పక్కపక్క సీట్లలో పనిచేస్తాం. వాళ్ల నాయిన పోయి ఏడాది అవుతోందని, ఊళ్లో ఆయనకు విస్తరి పెడుతున్నారని ఒకరోజు చెప్పింది. "అమ్మకు కండ్ల పొర ముదిరింది. దగ్గరిది కూడా సరిగ్గ కనబడ్తలేదు. నాయిన విస్తరి ఫొటో తీస్తే ఫోన్ల పెద్దగ చేసుకొని చూసుకుంటనంటున్నది. నువ్వు రావా?" అని అడిగింది. సెలవు రోజుల్లో నేను హోటళ్ల మెనూ కార్డులకు వంటకాల ఫొటోలు తీస్తుంటాను. ఇళ్లలో తిండి ఫొటోలు తీయడంలో నాకు తెలియనిది లేదన్న గర్వం కూడా కొంచెం ఉంది. ఆ గర్వంతోనే ఒప్పుకున్నాను.

పటాన్‌చెరులో ఉదయం ఆరున్నరకు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఎనిమిదిన్నరకల్లా జహీరాబాద్‌లో దిగాను. ఆడవాళ్లకు సున్నా టికెట్టే. బస్టాండు బయట చాయ్ తాగి ఝరాసంగం వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. మనిషికి నలభై రూపాయలు. "జర ఆగాలె మేడమ్, ఇంకిద్దరొస్తే పోదం" అన్నాడు డ్రైవరు. నా చేతిలో చుట్టిన తెల్ల చార్టు చూసి టీచరమ్మనా అని అడిగాడు. కాదని, ఏడాది విస్తరి ఫొటో తీయడానికి వెళ్తున్నానని చెప్పాను. "గట్లయితే జల్ది పోవాలె. విస్తరి పెట్టి తలుపేసిన్రంటే మల్ల లోపటికి రానియ్యరు" అంటూ ఆ ఇద్దరి కోసం ఆగకుండానే బండి తీశాడు.

దారి పొడవునా కోసేసిన కంది చేలు, ఎండ. ఊరు చేరేసరికి తొమ్మిదిన్నర. స్వరూప ముందురోజే వచ్చి ఉంది. స్వరూప వాళ్లమ్మ అనసూయమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేస్తోంది. చూపు ఆనకపోయినా చేతులు తడబడడం లేదు. చింతచిగురు వేసిన మటన్, పచ్చిపులుసు, పల్లికారం అప్పటికే సిద్ధమయ్యాయి. అన్నీ ఆయనకు ఇష్టమైనవేనట. నేను వెళ్లి విస్తరి వేసే గది చూసుకున్నాను. ఎడమవైపు ఒకటే కిటికీ, గోడకు ఆయన ఫొటో, మెడ వరకే ఉన్న పాస్‌పోర్టు ఫొటోనే పెద్దది చేయించారు. ముందుగా ట్యూబ్‌లైటు ఆర్పేశాను. దాని కింద మటన్ పాచిపట్టినట్టు కనిపిస్తుంది. కిటికీ నుంచి ఎండ నేరుగా పడుతుంటే పల్చటి తెల్ల పంచె ఒకటి అడిగి తీసుకుని అడ్డంగా కట్టాను. వెలుతురు మెత్తబడింది. ఎదురుగా చార్టు నిలబెట్టేసరికి నీడలు పల్చబడ్డాయి. ఫొటోకు ఇంతకుమించి సరంజామా అక్కర్లేదు.

పదకొండింటికి అనసూయమ్మ విస్తరి వేసి, ఒక్కొక్కటీ తడిమి చూసుకుంటూ వడ్డించింది. పక్కన ఇత్తడి చెంబుతో నీళ్లు పెట్టింది. "రెండు నిమిషాల్ల తీసుకో బిడ్డా, తర్వాత తలుపు దగ్గరకేస్త" అని గుమ్మం బయట నిలబడింది. చెంబు కిటికీ వైపున ఉంది. దాని నీడ రొట్టెల మీద అడ్డంగా పడుతోంది. మెనూ కార్డులకు చేసే అలవాటు కదా, ఆలోచించనైనా లేదు. చెంబు ఎత్తి కుడివైపు పెట్టాను. నీడ పోయింది, ఇత్తడి మెరిసింది. నాలుగు ఫొటోలు తీసి బయటికొచ్చాను. ఆమె తలుపు వేసింది.

ఆయన వచ్చి తినిపోతాడని, అంతసేపూ ఎవరూ లోపలికి వెళ్లరాదని వాళ్ల నమ్మకం. ఇంటిల్లిపాదీ పస్తునే ఉన్నారు. అనసూయమ్మ ఫొటో చూపించమంది. పెద్దది చేసి ఫోన్ ఆమె కంటికి దగ్గరగా పెట్టాను. చాలాసేపు చూసింది.

"చెంబు గిటు ఎవరు జరిపిన్రు?"

"నేనేనమ్మా. నీడ పడుతోందని..."

"ఆయనకు కుడి చెయ్యి లేకుండె బిడ్డా" అంది మెల్లగా. "పెండ్లయిన మరుసటేడే చెరుకు గానుగల పడి పోయింది. ఎడమ చేత్తోటే తినేటోడు, తాగేటోడు. నలుగురు చూస్తరని ఏ పెండ్లికి పోయినా బంతిల కూసోకపోయేది. ఎంత ఆకలైనా ఇంటికొచ్చే తింటుండె."

ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తలుపు మీద రెండుసార్లు తట్టి లోపలికి వెళ్లింది. నీళ్లు తొణకకుండా చెంబు ఎడమవైపుకు మార్చింది. "ఇంతసేపు నీళ్లకు ఎంత తన్లాడిండో" అని ఆయన ఫొటో వైపు చూసి కళ్లు ఒత్తుకుంది. "ఇప్పుడు తియ్యి. నీడ పడితే పడనియ్యి" అంది నాతో. ఒక్కటి తీశాను. తలుపు మళ్లీ వేసి ఆమె గడప పక్కనే కూర్చుంది. తిండికి ఆలస్యమవుతోందని ఎవరో అంటే, "మొదటి నుంచి తిననియ్యి" అంది.

నాలుగింటి ఆటోకు తిరిగొచ్చాను. మొదట తీసిన నాలుగూ దారిలోనే చెరిపేశాను. హోటల్ పళ్లెం ముందు ఎవరూ కూర్చుని ఉండరు కాబట్టి అక్కడ ఏది ఎటు జరిపినా చెల్లుతుంది. ఆ గదిలో ఒక మనిషి తినడానికి కూర్చున్నాడన్నది నాకు తట్టలేదు, సిగ్గుగా ఉంది. ఇళ్లలో తిండి ఫొటోలు తీయబోయేవారికి నేను చెప్పగలిగేది ఒక్కటే: ట్యూబ్‌లైటు ఆర్పండి, కిటికీకి పల్చటి బట్ట కట్టండి, ఎదురుగా తెల్ల అట్ట పెట్టండి, కానీ విస్తరి దగ్గర ఏదైనా జరపాలనిపిస్తే ముందు వడ్డించినవాళ్లను అడగండి. స్వరూప వాళ్లమ్మ ఫోన్‌లో ఇప్పుడున్న ఫొటోలో రొట్టెల మీద చెంబు నీడ అడ్డంగా పడి ఉంది. రోజూ పొద్దున దాన్ని పెద్దది చేసి చూసుకుంటుందట.