చదివినవారు, సరిచూసినవారు

మొన్న మా అపార్టుమెంటుకి వచ్చిన లాయరు నోటీసును మా కోడలు తన ఫోన్ చేత పైకి చదివించి నాకు వినిపించింది. కామా ఉన్నచోట చిన్నగా, ఫుల్‌స్టాప్ దగ్గర ఇంకాస్త ఎక్కువగా ఆగుతూ ఎంత చక్కగా చదివిందో! అది ఆగిన ప్రతిచోటా నేను "కామా", "ఫుల్‌స్టాప్" అని గొణుగుతుంటే కోడలు ఒకటే నవ్వు. ఏం చేయనండీ, పదకొండేళ్ళ అలవాటు.

ఏలూరులో ఒక ప్లీడరు గారి ఆఫీసులో మా బాబాయి టైపిస్టు, నేను ఆయనకు సహాయం. కోర్టు నోటీసైనా, కంపెనీలకు రాసే ఉత్తరమైనా, టైపు అయ్యాక ఒకరు చిత్తుప్రతిని కామాలతో సహా పైకి చదవాలి, రెండోవారు టైపు కాగితం మీద పెన్సిల్ కదుపుతూ ఒక్కో గుర్తునూ చూసుకోవాలి. ఆఫీసు కాపీ అడుగున "చదివినవారు", "సరిచూసినవారు" అని ఇద్దరూ సంతకాలు పెడితేగానీ ప్లీడరు గారు దాన్ని ముట్టుకునేవారు కాదు. కాగితాలు ఎగురుతాయని ఫ్యాను వేయనివ్వరు, కిటికీ తీయనివ్వరు.

నేను చేరిన రెండో ఏడు బాబాయికి చూపు పోయింది. ఆ సంగతి నాకూ పిన్నికీ తప్ప ఎవరికీ తెలియదు. ఇద్దరు చిన్నపిల్లలున్న ఆ ఇంటికి ఆయన ఉద్యోగమే ఆధారం మరి. వేళ్ళకి అలవాటైన మిషను కాబట్టి నేను చదువుతుంటే టైపు కొట్టేసేవారు, సరిచూడడం మాత్రం ఉత్త నటన. పెన్సిల్ కదుపుతూ "ఊఁ, కామా తరవాత?" అనేవారు. ఆనక నేనే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని దొంగలా సరిచూసి, ఆయన వేలు పట్టుకుని సంతకం చోటు చూపించేదాన్ని.

ఇంతలో నాకు కైకలూరు హైస్కూల్లో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. కొల్లేటి గాలి తగిలే గది, నా పేరు మీద వచ్చిన ఆర్డరు! పదిహేను రోజుల్లో చేరాలి. రోజూ ఆ కాగితం తీసి చూసుకుని, మళ్ళీ కార్బన్ పేపర్ల పెట్టె అడుగున దాచేదాన్ని. నేను వెళితే మర్నాడే బాబాయి గుట్టు బయటపడుతుంది, చెబితే ఆయన వెళ్ళమంటారు, అందుకని చెప్పలేదు. గడువు దాటిన రోజున ఆయన మీద కోపమంతా కామాల మీద చూపించాను, ఒక్కోటీ అరిచినట్టు చదివాను. పాపం, ఆయన ఎప్పటిలాగే ఊకొట్టారు.

మరో తొమ్మిదేళ్ళు ఆ ఉక్కలోనే గడిచాయి. చివరికి ఒంట్లో బాగుండక బాబాయే మానేశారు. ఆయన సామాను తెచ్చుకోవడానికి వెళితే ప్లీడరు గారు నన్ను కూర్చోబెట్టి తాపీగా చెప్పారు.

"మీ బాబాయికి కళ్ళు కనబడవని నాకెప్పుడో తెలుసమ్మా. ఓ సాయంత్రం కరెంటు పోయింది చూడు, నువ్వు చదవడం ఆపి దీపం వెతుక్కుంటున్నావు, ఆయన ఆ చీకట్లో 'ఊఁ, కామా తరవాత?' అన్నారు. అన్నాళ్ళు చేసిన మనిషిని తీసేస్తానా? మీరు చెప్పలేదు కదా అని నేనూ అడగలేదు."

ఆ సాయంత్రం నాకు బాగా గుర్తు. కైకలూరు ఆర్డరు ఇంకా పెట్టెలోనే ఉంది, గడువు ఇంకా నాలుగు రోజులుంది. ఒక్క మాట, ప్లీడరు గారైనా నేనైనా, ఒక్క మాట అనుకుని ఉంటే ఏం పోయేదండీ?

ఇప్పుడు చదివేదీ ఫోనే, సరిచూసేదీ ఫోనే. ఒకరి కోసం ఒకరు కిటికీ మూసిన గదిలో కూర్చోనక్కర్లేదు, మంచిదే. అయినా మొన్న ఆ ఫోన్ ఆగినప్పుడు నేను "కామా" అంటే, "ఊఁ, తరవాత?" అనే మనిషి పక్కన లేడు, అదీ నేనే అనుకున్నాను.