ప్లేటులో నాన్న గొంతు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాన్న ఫోటో ఒక్కటీ ఉండేది కాదు. పెళ్ళికి కూడా తీయించుకోలేదట. అందుకని ఆయన జైలుకి వెళ్ళాక, ఆయన్ని గుర్తుపెట్టుకోవడం పూర్తిగా నా సొంత పని అయిపోయింది. అమ్మ ఆయన మాట ఎత్తేది కాదు. నాయనమ్మ ఎత్తితే ఏడుస్తూనే ఎత్తేది. ఆ ఏడుపులో నాకు నాన్న కనిపించేవాడు కాదు.

మాది చిలకలూరిపేటకీ మార్టూరుకీ మధ్య, రోడ్డుకి బాగా లోపలగా ఉండే ఊరు. నల్లరేగడి నేల. పత్తి, మిరప తప్ప మరో మాట ఉండేది కాదు. కాలవ నీళ్ళు వచ్చిన కొత్తలో ఊరికి ఎంత సంతోషం వచ్చిందో అంత తగాదా కూడా వచ్చింది. ఒక మధ్యాహ్నం తూము దగ్గర మా నాన్నకీ పక్క చేను ఆయనకీ నీళ్ళ వంతు దగ్గర మాటా మాటా పెరిగింది. నాన్న చేతిలో పార ఉంది. నాన్న కొట్టాడు. ఆయన చనిపోయాడు. ఈ రెండు ముక్కల మధ్య మా వాళ్ళు చాలా మాటలు ఇరికించి చెప్పేవారు. ముందు ఆయనే తోశాడనీ, తగిలింది పార కర్రే గాని పదును కాదనీ, తూము రాయి మీద పడకపోతే బతికేవాడనీ. ఎన్ని చెప్పినా ఆ రెండు ముక్కలూ ఎక్కడివక్కడే ఉండేవి.

చనిపోయినాయన్ని నేను పెదనాన్నా అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. పక్కపక్క చేలవాళ్ళం కాబట్టి వచ్చిన వరస. ఆయన భార్య నాకు పెద్దమ్మ. వాళ్ళ ఇల్లు మా వీధి చివరే. నాన్నకి యావజ్జీవం పడ్డాక అమ్మ మంచినీళ్ళకి ఆ వీధిన వెళ్ళడం మానేసింది. బిందె చంకన పెట్టుకుని ఊరు చుట్టూ తిరిగి వెళ్ళేది.

మా పక్కిల్లు దూది ఏకేవాళ్ళది. తరతరాలుగా ఆ ఊళ్ళోనే ఉన్న ముస్లింలు, ఇంట్లోనూ తెలుగే మాట్లాడేవారు. ఆ ఇంటాయన్ని నేను మామయ్యా అనేదాన్ని. ఆయనా మా నాన్నా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. పగలల్లా పరుపులూ బొంతలూ కుట్టే ఆ మామయ్య సాయంత్రమైతే పాడేవాడు. చేలల్లో పాడే పాటలు, తత్వాలు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి తీసుకెళ్ళేవారు. రేడియోలో కూడా పాడాడు. ఆయన పాటకి వంత మా నాన్నే. నాన్నకి శ్రుతి సరిగ్గా కుదిరేది కాదని మామయ్యే నవ్వుతూ చెప్పేవాడు. అయినా వంతకి ఇంకొకరిని పెట్టుకోలేదు.

నాన్న వెళ్ళాక చాలామంది మా గడప ఎక్కడం తగ్గించారు. మామయ్య తగ్గించలేదు. అలాగని పెద్దమ్మ ఇంటికి వెళ్ళడమూ మానలేదు. అక్కడికెందుకు వెళ్తావని వీళ్ళూ, ఇక్కడికెందుకు వస్తావని వాళ్ళూ ఆయన్ని అడిగేవారు. అయినా రెండు గడపలూ ఎక్కుతూనే ఉండేవాడు.

నాన్నని చూడటానికి అమ్మ ఒక్కసారే వెళ్ళింది. ఇంక రావద్దనీ, పిల్లని అసలే తేవద్దనీ నాన్న చెప్పాడట. అప్పటినుంచి మామయ్యే వెళ్ళి చూసి వచ్చేవాడు. అలా వెళ్ళినప్పుడు ఒకసారి జైలు అధికారి ఒకాయన, రేడియోలో మామయ్య గొంతు విన్నవాడు, ఖైదీలకి ఏదన్నా పాడి వెళ్ళమని అడిగాడు. మామయ్య అక్కడే నిలబడి పాడాడు. తిరిగొచ్చాక మా అరుగు మీద కూర్చుని అమ్మతో చెప్పిన మాటలు నాకు బాగా గుర్తు.

"చాలా చోట్ల పాడాను చెల్లెమ్మా. పందిట్లో పాడుతుంటే జనం కబుర్లు చెప్పుకుంటా ఉంటారు, పిల్లల్ని కసురుకుంటా ఉంటారు. అక్కడ ఒక్కడూ కదల్లేదు. పాట అయిపోతే నేనెక్కడ వెళ్ళిపోతానో అన్నట్టు చూశారు."

ఆ తర్వాత కొన్నాళ్ళకి మద్రాసు నుంచి గ్రామఫోను ప్లేట్లు తీసే కంపెనీవాళ్ళు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. మద్రాసు వచ్చి పాడమన్నారు. నా పాటలు కావాలంటే నేను జైల్లో పాడతాను, మీ మిషను అక్కడికి తెచ్చుకోండి అని మామయ్య పట్టుబట్టాడు. మొదట నవ్వారట. ఉత్తరప్రత్యుత్తరాలు ఎన్ని నడిచాయో, ఎవరెవరు ఒప్పుకోవాల్సి వచ్చిందో నాకు తెలియదు. చివరికి గాంధీ జయంతి నాడు ఖైదీలందరినీ కూర్చోబెట్టి పాట కచేరీ పెట్టారు. కంపెనీవాళ్ళు మైకులు పెట్టి రికార్డు చేశారు.

ఆ రోజు నాన్న ముందు వరసలోనే ఉన్నాడట. బాగా చిక్కిపోయాడట. పాటలు మొదలయ్యే ముందు మామయ్యని పలకరించడానికి ఒక్క నిమిషం ఇచ్చారు. "పిల్ల ఎంతైంది బావా?" అని అడిగాడట నాన్న. మామయ్య తన గుండెల దగ్గర చెయ్యి పెట్టి ఇంతైంది అని చూపించాడు. నాన్న ఆ చెయ్యి ఉన్న ఎత్తు వంకే చూస్తూ ఉండిపోయాడట. మామయ్య మాకు ఈ సంగతి చెబుతూ మళ్ళీ అలాగే చెయ్యి పెట్టి చూపించాడు. అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఎండాకాలం మొదట్లో ప్లేటు వచ్చింది. మా ఊళ్ళో ప్లేటు పెట్టుకునే సాధనం మైకు సెట్టు అద్దెకిచ్చే ఆయన దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. మామయ్య దాన్ని అడిగి ఇంటికి తెచ్చుకుని, అమ్మనీ నాయనమ్మనీ నన్నూ పిలిచాడు. మిట్టమధ్యాహ్నం. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజులు, గాలి వస్తే తుమ్ములు. అలాంటి ఉక్కలో మామయ్య తలుపులు, కిటికీలు అన్నీ మూసేశాడు. గది మూలన ఏకిన దూది కుప్పగా ఉంది. నేను దాని పక్కన కూర్చున్నాను.

ముందు గరగరమన్న చప్పుడు. తర్వాత పెద్ద హాల్లో చాలామంది ఊరికే కూర్చుంటే వచ్చే చప్పుడు. ఎవరో దగ్గారు. దూరంగా గంట కొట్టారు. ఎవరో గట్టిగా కూర్చోమని గదమాయించారు. తర్వాత మామయ్య గొంతు లేచింది. ఒక్కో పాటా అవుతుంటే చప్పట్లు, ఈలలు. ఒక తమాషా పాటకి అందరూ నవ్వారు. అంతమంది మగవాళ్ళు ఒక్కసారిగా నవ్వితే ఎలా ఉంటుందో అంతకుముందు నేను వినలేదు. జైల్లో నవ్వుతారని కూడా నాకు తెలియదు.

చివరి పాట చేలో పనయ్యాక ఇంటికి మళ్ళేటప్పుడు పాడేది.

*చేను ఎర్రబడ్డదీ, చెమట ఆరిపోయెనూ,*
*ఇంటిదారి ఏదనీ ఎద్దులడిగెనూ.*

మొదటి చరణం ఒక్కడే పాడి మామయ్య ఆగాడు. "అందుకో బావా" అన్నాడు, మెల్లగానే. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి ఒక గొంతు వచ్చింది. శ్రుతి కుదరని గొంతు. నాకు వెంటనే తెలిసిపోయింది. నాయనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న ఒకసారి పాడాడు. రెండోసారి 'ఇంటిదారి' దాకా వచ్చాడు. ఆగిపోయాడు. అప్పుడు హాల్లో ఉన్న వాళ్ళంతా ఆ మాట దగ్గరే అందుకుని పాట చివరిదాకా పాడేశారు. ఈ ముక్క తీసేద్దామని కంపెనీవాళ్ళు అడిగితే, దాంతోపాటు నా పేరు కూడా తీసెయ్యండి అన్నాడట మామయ్య.

"చాలన్నయ్యా, తీసెయ్యి" అంది అమ్మ. గోడవైపు తిరిగి కూర్చుంది. మామయ్య ముల్లు ఎత్తేశాడు. కాసేపటికి అమ్మ అటే తిరిగి ఉండి, "మళ్ళీ పెట్టు" అంది.

నాకు సంతోషం పట్టలేదు. నాన్న బొమ్మ లేకపోయినా గొంతు దొరికింది. దాన్ని ఇలా తలుపులు మూసుకుని వినడం ఏమీ బాగాలేదు. రామమందిరం దగ్గర మైకులో పెట్టు మామయ్యా, ఊరంతా వింటుంది అన్నాను. ఆయన నన్ను కసరలేదు. ప్లేటు కవరులో పెట్టి, కుట్టిన బొంత ఒకటి భుజాన వేసుకుని, "నాతో రా" అని నా చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచాడు. ఆగింది పెద్దమ్మ ఇంటిముందు.

ఆ ఇంటికి వెళ్ళి నాకు రెండేళ్ళు దాటింది. పెద్దమ్మ వసారాలో మిరపకాయల గుట్ట ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. నన్ను చూసి చేతులు ఆగాయి. మళ్ళీ కదిలాయి. కూర్చోమని కళ్ళతోనే చెప్పింది. మామయ్య బొంత మంచం మీద పెట్టి, తనూ ఒక చేటెడు కాయలు ముందుకు లాక్కుని తొడిమలు తీయడం మొదలుపెట్టాడు.

"ఆ ప్లేటు వచ్చిందంట గదా అన్నా" అంది పెద్దమ్మ.

"వచ్చిందమ్మా. అది నీతో చెబుదామనే వచ్చా."

"అందులో ఈ పిల్ల వాళ్ళ నాన్న గొంతు ఉందంట."

మామయ్య దాచలేదు. "ఉంది" అన్నాడు.

పెద్దమ్మ ఇంకొన్ని కాయలు తీసింది. తల ఎత్తకుండానే మాట్లాడింది. "మా ఆయన మొహం నా కళ్ళముందే ఉంటది. గొంతే పోయింది. ఎంత తలుచుకున్నా రావట్లా. అన్నేళ్ళు కాపరం చేశాం, ఎన్ని మాటలు అనుంటాడు నాతో. ఒక్కటీ వినపడట్లా."

మామయ్య చేతిలో కాయ చేటలో వేసి, "ఈ ఊళ్ళో అది మైకులో మోగదమ్మా. నేనుండగా మోగదు" అన్నాడు.

పెద్దమ్మ అప్పుడు తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందనుకున్నాను. అలిసిపోయిన మనిషి చూపు అది, అంతే. "ఈ పిల్లని మాత్రం విననియ్యి" అంది. "దాని నాన్న గదా."

తిరిగి వచ్చేటప్పుడు మామయ్య మా గుమ్మం దగ్గర చెయ్యి వదిలేసి, "విన్నావుగా" అన్నాడు.

ఆయన మాట నిలబెట్టుకోవడం తేలికేమీ కాలేదు. ఆ ప్లేటు బాగా అమ్ముడుపోయింది. గుంటూరు హోటళ్ళలో, పిడుగురాళ్ళ పెళ్ళిళ్ళలో, ఎక్కడపడితే అక్కడ వినిపించేదట. మా ఊరి పాటగాడి పాట మా ఊళ్ళో మోగకపోవడం కుర్రకారుకి అవమానంగా ఉండేది. ఆ శ్రీరామనవమికి పందిట్లో ఎవరో ప్లేటు తెచ్చి మైకులో పెట్టారు. మొదటి పాట సగం కాకముందే మామయ్య పరుగెత్తుకొచ్చాడు. తలనిండా దూది పింజలు. ఎవరితోనూ గొడవపడలేదు. ముల్లు ఎత్తి పక్కన పెట్టి, "పాట కావాలి, అంతే గదరా? నేనే ఉన్నాగా" అని మైకు అందుకున్నాడు. పొద్దు వాలేదాకా పాడుతూనే ఉన్నాడు, ప్లేటు సంగతి ఎవరికీ గుర్తురాకుండా. చివరికి గొంతు పూర్తిగా పోయింది. చాలా రోజులు సైగలతోనే మాట్లాడాడు.

నాన్న తిరిగి రాలేదు. ఆ వానాకాలం జైల్లో పచ్చకామెర్లు సోకి పోయాడు. మాకు కబురు అందేసరికే అంతా అయిపోయింది. మామయ్యే వెళ్ళి ఆయన కట్టుకున్న బట్టలు తెచ్చాడు. ఊళ్ళో చాలామంది వచ్చి అమ్మ పక్కన కూర్చున్నారు. పెద్దమ్మ రాలేదు. రాకపోవడం తప్పని ఎవరో అంటే, అమ్మే వాళ్ళని ఆపింది. నాకూ తప్పనిపించలేదు. మా ఏడుపు ఆవిడని వచ్చి వినమనడం ఎలా కుదురుతుంది?

నేను చదువుకుని టీచరునయ్యాను. రిటైరై ఇప్పుడు మంగళగిరిలో ఉంటున్నాను. మామయ్య పోయాడు. అమ్మా పోయింది. కొన్నేళ్ళ కిందట ఒక పెళ్ళికని ఊరికి వెళ్ళినప్పుడు పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. బాగా ముసలిదైపోయింది. చూపు ఆనడం లేదు. నేనెవరో చెప్పుకున్నాక నా చెయ్యి తడిమి పట్టుకుంది. అప్పుడు చిన్నప్పుడు చెప్పలేకపోయిన మాట చెప్పాను. పెదనాన్న గొంతు నాకు గుర్తుంది అని.

నిజంగానే గుర్తుంది. నాన్నకి చేలోకి అన్నం తీసుకెళ్ళినప్పుడల్లా వినేదాన్ని. పక్క చేలో అరక తోలుతూ, అలిసిపోయిన ఎద్దుని పెదనాన్న బతిమాలేవాడు. "పదరా నాయనా, ఇంకొక్క సాలే" అని. ఆ ఒక్క సాలూ దున్నాక మళ్ళీ అదే మాట. ఆ రోజు వసారాలో పెద్దమ్మ ఆయన గొంతు గుర్తుకి రావట్లేదన్నప్పుడే అది నా చెవిలో మోగింది. కానీ ఆవిడకి ఆ మాట అందించాల్సిన నోరు నాది కాదనిపించింది.

"ఏదీ, అను" అంది పెద్దమ్మ.

అన్నాను.

"అట్లా కాదు. కాస్త బొంగురు ఉండేది. నాయనా దగ్గర సాగదీసేవాడు."

గొంతు బొంగురు చేసి, సాగదీసి మళ్ళీ అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఇంకోసారి అనమంది. ఆ తర్వాత తనే అంది, చాలా మెల్లగా, పెదవులు కదిలీ కదలకుండా. "పదరా నాయనా, ఇంకొక్క సాలే." ఆ చేల మధ్య నేను విన్నది అచ్చంగా అదే. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. నా చెయ్యి వదల్లేదు.

మరుసటి ఏడాది పెద్దమ్మ కూడా పోయింది. నాన్న గొంతు ఇప్పుడు ఎవరైనా వినొచ్చు. ఆ పాటలు ఫోన్లో కూడా దొరుకుతున్నాయని మా మనవరాలు పెట్టి చూపించింది. పెదనాన్న గొంతు మాత్రం నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అప్పుడప్పుడూ పైకే అంటూ ఉంటాను. ఆ బొంగురు పోకుండా, సాగదీయాల్సిన చోట సాగదీస్తూ.