రేకుల మీది బండలు

నేను బోధన్‌కు కోడలిగా వచ్చింది ఎనభైల మొదట్లో. వచ్చిన కొన్నాళ్లకే మా అత్త నన్ను వెంటబెట్టుకుని బీడీల కార్ఖానాకు తీసుకుపోయింది. ఊరి చివర, వర్ని పోయే తోవలో, చెరుకు మడుల పక్కన పొడుగాటి రేకుల షెడ్డు అది. దానికి ఒకటే తలుపు. ఆకు, తంబాకు ఎవరైనా బయటికి దాటేస్తారని సేటు కిటికీలన్నిటికీ ఇనుప జాలీ కొట్టించాడు. లోపల ఆడవాళ్లం వరుసల్లో కూర్చుని, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లం.

నాకు పని నేర్పింది అత్త కాదు. ఆమెకు ఓపిక తక్కువ. నా పక్కన కూర్చునే ఒకామె నేర్పింది, ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె పుట్టిల్లు మహారాష్ట్ర వైపు. కోపం వస్తే మరాఠీలో తిట్టేది, నవ్వొస్తే తెలుగులో నవ్వించేది. "పిల్లా, ఆకును గొంతు పిస్కినట్టు పట్టకు. పసిపిల్ల ఏలు పట్టినట్టు పట్టు" అని నా చేతి మీద చేయి వేసి తిప్పి చూపించేది.

ఆ షెడ్డు రేకులకు బోల్టులు లేవు. గాలికి లేవకుండా సేటు వాటి మీద బండలు పెట్టించాడు. ఒక్కో బండ ఇద్దరు మనుషులు మోసేంత. గోడలు మట్టితో పేర్చినవి, పైపైన సున్నం పూత. కాస్త గాలి వీస్తే చాలు, నెత్తి మీద రేకులు లేచి పడుతూ దడదడలాడేవి. మేం తలలు వంచుకుని చుట్టుకుంటూ పోయేవాళ్లం.

మా అత్త మాత్రం ఊరుకోలేదు. ఎండలు ముదిరిన రోజుల్లో ఒకసారి సేటు షెడ్డులోకి రాగానే అడిగేసింది.

"సేటూ, మిరుగు కార్తె దగ్గర వడ్డది. గాలిదుమారాలు మొదలైతయ్. గా రేకులకు బోల్టులు కొట్టియ్యిండ్రి. గా బండలు మా నెత్తిన వడ్తే ఏం గావాలె?"

"ఇన్నేండ్ల సంది ఉన్నయ్, ఎన్నడన్న వడ్డయా? నీ పని నువ్వు జేస్కో అవ్వా" అని ఆయన నవ్వుతూ వెళ్లిపోయాడు.

ఆ నవ్వుకు అక్క మరాఠీలో ఏదో అంది. వరుసంతా పకపకా నవ్వింది. అంతటితో ఆ మాట పోయింది.

అది జరిగిన వారంలోపే ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి షెడ్డంతా చీకటైంది. జాలీలోంచి చూస్తే చెరుకు మడుల మీదుగా ఎర్రటి దుమ్ము గోడలా లేచి వస్తోంది. "లేవుండ్రి! బయటికి నడువుండ్రి!" అని మా అత్త అరిచింది. అందరం ఒక్కసారే తలుపు మీద పడ్డాం. ఆ తలుపులోంచే గాలి లోపలికి దూసుకొచ్చి ముందున్న వాళ్లను వెనక్కి విసిరికొట్టింది. లోపలికి వచ్చినంత గాలి బయటికి పోవడానికి ఆ జాలీ కిటికీలు చాలలేదు. కప్పును కింది నుంచి ఎత్తింది.

రేకులు చిరిగిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఒక రేకు గిర్రున తిరుగుతూ మా మధ్యలోంచి పోయింది. అది తగిలి ఒకామెకు చెవి దగ్గర నుంచి భుజం దాకా తెగింది. మరుక్షణం బండలు పడ్డాయి. ఏ గాలిని ఆపడానికి పెట్టారో ఆ గాలే వాటిని మా మీదికి దొర్లించింది. వాసాలు విరిగాయి, పడమటి గోడ కూలింది. వడగళ్లు, మట్టి, తంబాకు, నెత్తురు అన్నీ కలిసిపోయాయి. తంబాకు మంటకు కళ్లు తెరుచుకోలేదు. చేతులతో తడుముతూ పాకాను. చేతికి మా అత్త కొంగు తగిలింది. ఆమె కుడిచేయి మోచేతి దగ్గర, విరిగిపడిన వాసం కింద నలిగిపోయి ఉంది.

"నన్ను ఇడ్సిపెట్టు. అక్కను సూడు" అంది.

అక్క నా వరుసలోనే, కూర్చున్న చోటే ఉంది. లేచే లోపలే ఆమె ఛాతీ మీద బండ పడింది. నేనూ మరో ఇద్దరూ కలిసి లాగాం, విరిగిన వాసాల్లో ఇరుక్కుని అది కదలలేదు. ఆమె నోటి నుంచి నెత్తురు వచ్చింది. నా వైపు చూసింది. చూస్తూనే ప్రాణం పోయింది.

గాలి తగ్గాక దారిన పోయేవాళ్లు పరుగెత్తుకొచ్చారు. దెబ్బలు తగిలిన వాళ్లను ఎడ్లబండ్ల మీద పడుకోబెట్టి సర్కారు దవాఖానకు పంపారు. వాసం ఎత్తి చేయి బయటికి తీశాక కూడా మా అత్త బండెక్కలేదు. విరిగిన చేతికి కొంగు చుట్టుకుని నిలబడింది.

సేటు వచ్చాడు. కూలిన షెడ్డును చూసి తల పట్టుకున్నాడు. "గాలి దేవుని చేతిలున్నది. నేనేం జేస్త?" అన్నాడు.

ఆ మాటతో మాలో ఏదో తెగిపోయింది. ముందుగా ఎవరు కదిలారో తెలియదు. ఆయన అంగీ పట్టి లాగారు, చెప్పులతో కొట్టారు, జుట్టు పట్టి బురదలో ఈడ్చారు. నేనూ కొట్టాను. నా గోళ్లలో ఆయన మెడ చర్మం ఇరుక్కుంది. ఈడ్చుకుంటూ తీసుకొచ్చి అక్క ముందు పడేశాం.

"గాలి దేవునిది. బండ నీది" అంది మా అత్త. "ఎత్తు."

ఆయన రెండు చేతులూ వేశాడు. బండ లేవలేదు. "ఎత్తు" అని మళ్లీ అంది. గోళ్లు విరిగి నెత్తురు కారేదాకా ఆయన పెనుగులాడాడు. చివరికి ఏడుస్తూ పక్కకు కూలబడ్డాడు. ఆయనను అలాగే వదిలేసి, వచ్చిన మగవాళ్లు గడ్డపారలు వేసి బండను దొర్లించారు. అక్క కొడుకు, చిన్న పిల్లవాడు, అప్పటికే వచ్చి నిలబడ్డాడు. వాడు చూడకూడదని నేను చీర చెంగు అడ్డం పట్టాను. వాడు చెంగు తోసేసి చూశాడు.

పోలీసులు వచ్చి పంచనామా చేశారు. గాలివానకు జరిగిన ప్రమాదమని తేల్చారు. సేటు మీద కేసు నిలవలేదు.

గోడలు మళ్లీ లేచాయి, రేకుల మీదికి మళ్లీ బండలే ఎక్కాయి. ఈసారి మేం లోపల అడుగుపెట్టలేదు. రేకులకు బోల్టులు, ఇంకో తలుపు ఉంటేనే కూర్చుంటామని అన్నాం. పొయ్యిలో పిల్లి లేవని ఇళ్లు మావి. అయినా ఒక్కరూ పోలేదు. మెడకు కట్టిన గుడ్డలో చేయి వేలాడేసుకుని మా అత్త రోజూ ఆ గడప ముందు కూర్చునేది. చివరికి సేటు ఇంకో తలుపు పెట్టించి, రేకులకు మిస్త్రీని పిలిపించాడు. బోల్టులతో కప్పంతా బిగించడానికి ఒక్క పూట పట్టింది.

మిస్త్రీ నిచ్చెన దిగగానే మా అత్త అడిగింది: "అయిపోయిందా? గింతేనా?"

"గింతే అవ్వా."

ఆమె అక్కడే నేల మీద చతికిలబడి, దవాఖానలో ఎముక సరిచేస్తున్నప్పుడు కూడా రాని ఏడుపు ఏడ్చింది.

ఆ చేయి మళ్లీ బీడీ చుట్టలేదు. ఎడమ చేత్తో అన్నం తినడం నేర్చుకుంది, తిట్టడం మాత్రం తగ్గించలేదు. అక్క కొడుకును వాడి మేనమామ ధర్మాబాద్ తీసుకుపోయాడు. నేను ఆ షెడ్డులోనే చాలా ఏళ్లు పనిచేశాను. నా పక్కన కొత్త పిల్ల వచ్చి కూర్చుంది. ఆకు ఎలా పట్టాలో ఆమెకు నేను చెప్పాను.