ఇద్దరు జోగమ్మలూ ఒక ఫ్లాపీ

మా రొయ్యల కంపెనీలో చల్లటి గదిలో ఉండే భాగ్యం రెండింటికే ఉండేది: రొయ్యలకీ, కంప్యూటరుకీ. ఎనభై ఆరులో అది వచ్చినప్పుడు కొబ్బరికాయ కొట్టి, చెప్పులు బయట విడిచి లోపలికెళ్లాం. టైపిస్టునైన నేను ఆ గుమ్మం దాటాలంటే ఎవరినో ఒకరిని అడగాలి. షహజాది అడగక్కర్లేదు. దాన్ని ఆడించడం ఆ పిల్లొక్కతెకే వచ్చు.

షహజాది పాతనగరం పిల్ల. వాళ్ల నాన్న లతీఫ్ గారు గడియారాలు బాగుచేసేవారు. ఆయన ఓపిక కూతురికి రాలేదు గానీ మొండితనం మాత్రం నిండుగా వచ్చింది. పని తెమలకపోతే అన్నం ముట్టదు. మా కంపెనీ ఉన్న హార్బరంతా చేపల కంపుతో ఊగిపోతుంటే ఈవిడ పొద్దున్నే జడనిండా మల్లెపూలు పెట్టుకుని నవ్వుతూ వచ్చేది. అంత పొద్దున్నే ఆ నవ్వేమిటని నాకు ఒళ్లు మండేది. అయినా ఆ పిల్లంటే నాకు ప్రాణం, దాచుకోవడం దేనికి.

ఆ ఏడు రొయ్యలొలిచే ఆడవాళ్లని పర్మనెంటు చేస్తామని కంపెనీ ఒప్పుకుంది. అందరి పేర్లూ షహజాది కంప్యూటరులోకి ఎక్కించాలి. ఆ పేర్లన్నీ ఎక్కిన ఫ్లాపీ సాయంత్రం రైలుకి హెడ్డాఫీసుకి వెళ్లాలి. అందులో పేరుంటే ఉద్యోగం ఉన్నట్టు, లేకపోతే ఇంటికి పొమ్మన్నట్టు. మధ్యాహ్నం కావస్తుండగా పని ఆగిపోయింది. తెర మీద డూప్లికేట్ రికార్డ్ అని వచ్చి కూర్చుంది.

జోగమ్మ, భర్త కొండలరావు, మల్కాపురం. ఆ పక్కనే ఇంకో జోగమ్మ, భర్త కొండలరావు, మల్కాపురం. ఇంటి నంబరు ఒకటే. పుట్టిన తేదీ కూడా ఒకటే. హాజరు టోకెన్లు మాత్రం రెండు, ఒకటి పగలు షిఫ్టుది, ఒకటి రాత్రి షిఫ్టుది.

"ఒకే మనిషి రెండు టోకెన్లు పుచ్చుకుంది. ఒకటి కొట్టెయ్యి," అన్నారు మేనేజరు నరసింహమూర్తి గారు.

"పగలూ రాత్రీ వలిచే మనిషి ఎప్పుడు పడుకుంటుంది సార్?" అంది షహజాది.

"వలుస్తోందని ఎవరన్నారు? వేరెవరినో పంపి హాజరు వేయిస్తోంది. రైలు టైముకి ఫ్లాపీ నా చేతిలో ఉండాలి."

రొయ్యలొలిచే షెడ్డులోంచి పగటి జోగమ్మని పిలిపించాం. మూతికి కట్టిన గుడ్డ కిందికి లాక్కుని, తడిచేతులు చీరకి తుడుచుకుంది.

"రొండోది మా సెల్లి, బాబూ. మా అమ్మకి ముందు పుట్టినోళ్లు దక్కనేదు. అమ్మోరికి మొక్కుకుంటే మేం దక్కాం. అందుకే ఇద్దరికీ ఆ తల్లి పేరే. ఇంటికాడ నన్ను పెద జోగంటారు, దాన్ని సిన జోగంటారు."

"మొగుళ్ల పేర్లు కూడా మొక్కుబడేనా?" అన్నారు మేనేజరు గారు.

"ఆళ్లది పద్మనాభం ఊరు. అన్నదమ్ములు. ఇద్దరికీ ఆళ్ల తాత పేరెట్టారు. ఒక్క పందిట్లోనే మా పెళ్లిళ్లు సేసీసేరు."

"కథ బాగుంది. నీ పక్కన నీ చెల్లెల్ని ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు. ఎలా చూస్తారు? ఇంట్లో పసిపిల్లలు, ఒకరు పనికొస్తే ఇంకొకరు ఇల్లు కనిపెట్టుకోవాలి. పైగా షెడ్డులో తలకో గుడ్డ, మూతికో గుడ్డ. అక్కడ నా తోడబుట్టినదాన్నే నేను పోల్చుకోలేను. ఆ మాటే గట్టిగా అన్నాను. ఈలోగా షహజాది నా చెయ్యి పట్టుకుని గేటు వరకూ లాక్కుపోయింది.

"పద అక్కా, ఆ చెల్లెల్ని తీసుకొచ్చేద్దాం."

ఆటో ఎక్కి మల్కాపురం పోయాం. చిన జోగమ్మ పిల్లల మధ్య నిద్రపోతోంది. లేపి సంగతి చెబితే ముఖం కూడా కడుక్కోలేదు. "ఉజ్జోగం పోతాదేటి?" అంటూ ఒక పిల్లని చంకనేసుకుంది, ఇంకో పిల్లాణ్ణి నా ఒళ్లో పడేసింది. తిరుగుదారిలో రైల్వే గేటు పడింది. ఖనిజం మోసే గూడ్సు అంత తొందరగా పోతుందా? షహజాది దిగి గేటు ముందు అటూ ఇటూ తిరుగుతూ బండిని తిట్టింది. పిల్లలకి అది ఆటలా ఉంది. చప్పట్లు కొట్టారు. నాకూ నవ్వాగలేదు.

అక్కచెల్లెళ్లు పక్కపక్కన నిలబడ్డారు. మేనేజరు గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"సరే, మనుషులు ఇద్దరే. కంప్యూటరు ఒప్పుకోవాలి కదా. అన్నీ ఒకటే అయితే నేనేం చెయ్యను?"

"ఒకల్నే ఉంచాలంటే మా అప్పనుంచండి, బాబూ," అంది చిన్నది.

పెద్దది గిరుక్కున తిరిగింది. "నోరుముయ్. నిన్ను సంకలో ఏసుకుని పెంచినాను. నీ నోటికాడ కూడు నాను లాక్కుంతానా?"

షహజాది కుర్చీలోంచి లేచిపోయింది. "ఏమన్నావక్కా? చంకలో వేసుకున్నావా? ఇద్దరూ ఒకేరోజు పుడితే ఎవరు ఎవర్ని ఎత్తుకున్నారు?"

అప్పుడు వెలిగింది అందరికీ. పుట్టినరోజు తెలియదన్న ప్రతి మనిషికీ హాజరు రాసే మా పాత టైంకీపరు జూలై ఒకటి అని రాసేసేవాడు. చెల్లెలు చేరినప్పుడు పేరూ ఊరూ ఒకటే కనిపించేసరికి ఏడాది కూడా అక్కదే దింపేశాడు మహానుభావుడు. ఇద్దరికీ తేడా ఎంతని అడిగితే, చెల్లెలు పుట్టేనాటికి తాను మేకలు తోలేదాన్నని పెద్దది చెప్పింది. ఏడేళ్లని తేల్చారు. నరసింహమూర్తి గారు ఆ దిద్దుబాటుకి సంతకం పెట్టారు. షహజాది చిన్నదాని పుట్టిన ఏడాది సరిచేసి మీట నొక్కింది. తప్పు మాయమైంది. పేర్లు చకచకా ఎక్కిపోయాయి. ఆ పిల్ల నన్ను కావలించుకుని గిరగిరా తిప్పేసింది. నా వయసుకి అదేం తిప్పడమో గానీ, నేనూ తిరిగాను. ఫ్లాపీ రైలందుకుంది.

ఆ సంతోషం పంచుకుందామని అక్కచెల్లెళ్ల కోసం వెతికాం. షెడ్డు వెనక మెట్ల మీద కూర్చుని, పెద్దదాని క్యారేజీలో మిగిలిన చద్దన్నం పిల్లలకీ పెడుతూ తామూ తింటున్నారు.

"ఇంకా ఇంటికెళ్లలేదా?" అంది షహజాది.

"అప్పతో కూకుని తిని ఎన్నాళ్లయిందో, అమ్మా. అదొచ్చీసరికి నానెల్లిపోతాను, నానొచ్చీసరికి అదెల్లిపోతాది," అంది చిన్నది. పిల్లాడి మూతి తుడుస్తూ, "పర్మినెంటయిపోనాం గదా. ఇంక బతుకంతా ఇలాగే, ఒకలొస్తే ఒకలెల్లడమే," అంది.

రాత్రి షిఫ్టు సైరన్ కూసింది. అక్క కలిపిచ్చిన ఆఖరి ముద్ద నోట్లో పెట్టుకుని, మూతికి గుడ్డ కట్టుకుంటూ చిన జోగమ్మ లోపలికి పరుగెత్తింది. పెద్దది పిల్లల్ని లేవదీసింది. నాకు ఎవరి మీదో తెలియని కోపమొచ్చింది. షహజాది ఖాళీ క్యారేజీ అందుకుని, పెద జోగమ్మ వెనకాలే గేటు దాకా నడిచింది.