ఒకే పళ్లెంలో రెండు పొట్టలు

మా అక్కకు మ్యూజియంలోని పురుగుల గదే లోకం. ముప్పై ఏళ్లుగా చచ్చిన పురుగులకు సూదులు గుచ్చి చీటీలు రాస్తోంది. ఇంట్లో అందరం పురుగులక్క అని ఏడిపిస్తాం. నేను అదే మ్యూజియం ఆఫీసులో టైపిస్టును కాబట్టి ఆవిడ చాదస్తం భరించే భాగ్యం నాకే ఎక్కువ దక్కింది.

ఊరి చివర బీడులో, ఎండుగడ్డి మధ్య, పగలే ఎగిరే, సీతాకోకచిలుకలాంటి ఒక చిమ్మట ఉంది. బియ్యపు గింజంత ఉంటుంది. అచ్చం అలాంటిదే ఇంకో రకం ప్రతి చేలోనూ కనిపిస్తుంది. తేడా తెలియాలంటే పొట్ట విడదీసి మైక్రోస్కోపులో చూడాల్సిందే. బీడులో దొరికింది అరుదైన రకమని అక్క రాసిచ్చిన కాగితం వల్లే అక్కడ దున్నడం ఆపారు.

ఆ రోజు పొద్దున అక్క నా బల్ల దగ్గరకు వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కొంప మునిగిందే. ఇప్పుడే రిజిస్టరు చూశాను. ఆ కాగితం రాసిన రోజు రెండు పొట్టలు ఒకే పళ్లెంలో పెట్టాను. ఒకటి బీడులోది, ఇంకోటి మ్యూజియం పాత పెట్టెలోది. అరుదైన పొట్ట బీడులోదో కాదో నిజంగా చెప్పలేను."

"ఎవరికి తెలుస్తుందక్కా? నోరు మెదపకు."

"నాకు తెలిసిందిగా!"

దున్నడం ఆపించిన అధికారికి తనే ఫోన్ చేసి చెప్పేసింది. సాయంత్రం నాలుగింటిలోగా రుజువు తేవాలి, లేకపోతే ట్రాక్టర్ దిగుతుందని ఆయన తేల్చేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా వల పట్టుకుని వెంట నడిచాను. తోడబుట్టింది, ఏం చేస్తాం!

గడ్డిలో మోకాళ్ల మీద దేకుతూనే ఉన్నాం. గట్టు మీద కూర్చున్న ట్రాక్టర్ డ్రైవర్ నవ్వాడు.

"ఏం పోగొట్టుకున్నారమ్మా, ఉంగరమా?"

"ఉద్యోగం" అన్నాను కసిగా.

రెండున్నరకు ఒకే ఒక్కటి దొరికింది. అక్క దాన్ని సీసాలో వేసి మూత బిగించింది.

గదికి వచ్చాక ఒక్క పళ్లెమే బల్ల మీద ఉంచింది. చీటీ నా చేత పట్టించింది. మూడూ నలభై అయింది. మైక్రోస్కోపులోంచి కన్ను తీయదు.

"చెప్పు తల్లీ!"

"అదే" అంది.

ఫోన్ దగ్గరకు పరుగెత్తాను. ట్రాక్టర్ వెనక్కి వెళ్లిపోతుందని అధికారి మాట ఇచ్చాడు. సంతోషం పట్టలేక తిరిగి వచ్చేసరికి అక్క అలాగే కూర్చుని ఉంది.

"ఇంకా ఏం చూస్తున్నావు?"

పక్కకు జరిగింది. నేను వంగి చూశాను. పొట్ట నిండా సన్నటి తెల్లటి పూసలు.

"గుడ్లే. రేపో మాపో పెట్టేది" అంది. ఆ గదిలో అక్క ఏడవడం అదే మొదటిసారి చూశాను. "ఆ రోజు ఇంకో పళ్లెం తీసుకుని ఉంటే దీన్ని చంపే పనే ఉండేది కాదు."